మధ్యాహ్నం లైటు

ఆ ఎండాకాలం మా ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళు మాట్లాడుకోవాలంటే గప్పీ చేపలే దిక్కయ్యాయి.

అందులో ఒకరు అరుణాదేవి, మా ఆయన అన్నగారి భార్య. నేను అరుణక్క అనేదాన్ని. ఇంటి తాళాలు, చక్కెర డబ్బా, బోరు మోటారు స్విచ్చు, అన్నీ ఆవిడ చేతిలోనే ఉండేవి. రెండోదాన్ని నేను, రచనను, వికారాబాదు నుంచి తాండూరుకొచ్చిన చిన్నకోడలిని. మాది బండల పాలిష్ యూనిట్. బావ రాజేందర్ దానికి యజమాని. మా ఆయన సుశాంత్ పేరుకు భాగస్వామి, పనికి గుమాస్తా. ఆ ఇంట్లో ఇది నాది అని చెయ్యి పెట్టి చూపించడానికి నాకున్నది ఒక గాజుతొట్టి, అందులో నాలుగు నీటిమొక్కలు, గుప్పెడు గప్పీలు. అంతే.

గొడవంతా రోడ్డు వైపు గది గురించి. మామ బతికున్నప్పుడు బేరగాళ్ళతో కూర్చున్న గది అది. ఆయన పోయాక ఖాళీగా పడి ఉంది. అక్కడ నీటిమొక్కల దుకాణం పెట్టుకుంటానని నేను, శాంపిల్ బండలు నిలబెడతానని బావ. ఉగాది నాడు అందరం అన్నాలు తింటుంటే ఆ మాట మళ్ళీ ఎత్తాను.

"ఏం దుకాణం? గడ్డి దుకాణమా?" అన్నాడు బావ.

"గడ్డి కాదు బావా, నీళ్ళల్ల పెరిగే చెట్లు. హైదరాబాదుల మస్తు గిరాకి ఉన్నది."

"నీ తొట్టిలున్న నాలుగు గడ్డిపోసలే బతుకుతలేవు, నువ్వు దుకాణం పెడ్తవా? సరే, మిరుగం దాంక చూస్త. గప్పటికి గా తొట్టి పచ్చగ నిండితే గది తాళం నీ చేతికిస్త. లేకుంటే నా బండలొస్తయ్. మల్ల నోరెత్తొద్దు."

మిరుగమంటే మృగశిర కార్తె, ఇంకా రెండు నెలలుంది. అరుణక్క పప్పు వడ్డిస్తూ నా వైపు చూడకుండా అంది. "మిరుగం నాడు చేపలు తినాలె. గవి పులుసుకు గూడ రావు."

అందరూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వాడు. బావ నవ్వును, ఆవిడ నవ్వును ఎప్పుడో మరిచిపోయాను గానీ మా ఆయన నవ్వును మాత్రం ఇంతవరకూ మరవలేదు.

ఆ మర్నాడే మాటలు బందయ్యాయి. తొట్టిలో నీళ్ళు మార్చడానికి రెండు బిందెలు పట్టాను. "మనుషులకే నీళ్ళు లేవు, గడ్డికి పోస్తున్నది" అని అరుణక్క బిందె లాక్కుంది. "బోరు నీ పుట్టింటోళ్ళు ఏసిచ్చిండ్రా?" అన్నాను. ఆ మాటకు ఆవిడ మొహం గోడలా అయిపోయింది. బిందె అక్కడే వదిలేసి లోపలికి పోయింది. ఆ రోజు నుంచి నాతో ఒక్క మాట లేదు. నేనూ పలకరించలేదు. పలకరిస్తే ఓడినట్టే కదా.

కానీ ఒకే ఇంట్లో ఉంటూ ఎంతకాలమని నోరు కట్టుకుంటాం? తొట్టి ఆ రోడ్డు వైపు ముందుగదిలోనే, మా నల్లబండ అరుగు మీద ఉండేది. ఆవిడ అక్కడ నిలబడి చేపలతో అనేది. "ఓ గప్పీ, మీ అమ్మకు చెప్పు, పైన ఆరేసిన బట్టలు తీసుకోమని." నేను మెట్ల మీది నుంచి అనేదాన్ని. "గప్పీ, మీ పెద్దమ్మకు చెప్పు, నాకు కండ్లున్నయని." అలా మా సంసారపు కబుర్లన్నీ ఆ నోరులేని జీవాల మధ్యవర్తిత్వంతో నడిచాయి. ఎవరిని తిట్టాలన్నా వాటినే తిట్టాం. పాపం, అవి మాత్రం తోకలాడించుకుంటూ తిరిగేవి.

తొట్టి మీద ముందు ఉన్నది నీలం లైటు. తొట్టి కొన్నప్పుడు ఊరికే ఇచ్చినది. దాని కింద చేపలు నగల దుకాణంలోలా మెరిసేవి, మొక్కలు మాత్రం రోజురోజుకూ కుళ్ళిపోయేవి. గది గెలవాలంటే ముందు లైటు మారాలని నాకు తెలుసు. ప్యాసింజరు రైలెక్కి వికారాబాదు పోయాను.

అక్కడ సబా దుకాణం ఉంది. వాళ్ళ అన్న పర్వేజ్ పేరు బోర్డు మీద ఉంటుంది గానీ దుకాణం నడిపేది సబానే. డిగ్రీ చదివిన పిల్ల. మాట మాత్రం రాయి విసిరినట్టే ఉంటుంది.

"చేపలు మెరువాల్నా అక్కా, చెట్లు పెరగాల్నా? ముందుగాల గది చెప్పున్రి."

"రెండూ" అన్నాను.

"రెండూ అంటే నా టైం ఖరాబ్ చెయ్యకున్రి. ఏది ముందు?"

"చెట్లు."

నీళ్ళు నింపిన తొట్టి మీద మూడు లైట్లు ఒకదాని తర్వాత ఒకటి పెట్టి చూపించింది. మొదటిది నీలం. "గిది మీ కాడ ఉన్నదే, పారేయున్రి." రెండోది గులాబీ, ఊదా కలిసిన రంగు. "చెట్లకు మంచిదే గని మీ ఇంట్ల అందరి మొఖాలు వంకాయ రంగైతయ్." మూడోది తెల్లగా, పొద్దెక్కిన ఎండలా ఉంది. దాని కింద ఆకు ఆకులాగే కనిపించింది, నీళ్ళు నీళ్ళలాగే కనిపించాయి.

"గిది తీస్కోన్రి. డబ్బా మీద ఆరువేల ఐదువందల కెల్విన్ అని ఉంటది, గది చూస్కోవాలె. వాట్లు చూసి మురిసిపోవద్దు. వాట్లు కరెంటు ఎంత తింటదో చెప్తయ్, వెలుగు ఎంతిస్తదో చెప్పయ్. మీ తొట్టి లోతెంత?"

"జానెడున్నర."

"గయితే నడిమి సైజు సాలు. పెద్దది పెడితే నాచు పడ్తది. పొద్దుగాల కొంతసేపు, పొద్దుమీకి కొంతసేపు. అన్నీ కలిపి ఆరేడు గంటలు. నడిమిట్ల బంద్ పెట్టున్రి."

"టైమరు పెడితే?"

"తాండూర్ల ఎండకాలం టైమరా?" అని నవ్వింది. "కరెంటు పోయినప్పుడల్లా గది గూడ పండుకుంటది. స్విచ్చు మీ చేతుల్నే ఉంచుకోన్రి."

లైటు బిగించిన సాయంత్రం ముందుగది మొత్తం మారిపోయింది. అరుణక్క గుమ్మంలో నిలబడి చూసింది. "ఓ గప్పీ, అడుగు మీ అమ్మను. గిది ఇల్లా, ఎక్స్‌రే గదా?"

"నీలం లైటు గావాల్నంటే ఫంక్షన్ హాల్‌కు పొమ్మను, గప్పీ."

మొదట్లో నా రోజులే నడిచాయి. కొత్త చిగుళ్ళు వచ్చాయి. ఎండ పెరిగే కొద్దీ ఆకుల అంచుల మీద సన్నని గాలిబుడగలు ముత్యాల్లా నిలిచేవి. పొద్దున లైటు వేసి, అన్నాల వేళకు ఆపి, పైన మా గదిలోకి వెళ్ళి పడుకునేదాన్ని. ఎండ తగ్గాక దిగి మళ్ళీ వేసేదాన్ని. రాత్రి భోజనాల ముందు ఆపేసేదాన్ని. అప్పుడే దుకాణానికి పేరు కూడా ఆలోచించుకున్నాను. తాళం చేతికొచ్చాక గుత్తికి ఏ రంగు దారం కట్టాలో కూడా ఆలోచించాను. నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు. చక్కెర డబ్బా తాళం అడిగి టీ పెట్టుకున్న వాళ్ళకు మాత్రం ఆ దారం సంగతి అర్థమవుతుంది.

తర్వాత ఆకుల మీద నల్లటి నూగు మొదలైంది. ముందు ముదురాకుల అంచులకు, తర్వాత చిగుళ్ళకు. గాజుకు పచ్చటి జిగురు పట్టింది. వేలితో తుడిస్తే వచ్చేది, మర్నాటికి మళ్ళీ పట్టేది. మొక్కలు ఊపిరాడని వాళ్ళలా వాలిపోయాయి.

ఎందుకో నాకు వెంటనే తెలిసిపోయింది. తెలిసిపోయిందనే అనుకున్నాను. తాండూరులో దుమ్ముకు కొదువ లేదు. బండల పొడి ఒకవైపు, కరణ్‌కోట సిమెంటు ఫ్యాక్టరీ నుంచి వచ్చే లారీల దుమ్ము ఒకవైపు. పొద్దున తుడిచిన లైటు పైభాగం అన్నాల వేళకే తెల్లబడేది. నేను సాయంత్రం దిగి చూస్తే స్విచ్చు దగ్గర దుమ్ము చెదిరి ఉండేది, వేలిగుర్తులు ఉండేవి. నా వేళ్ళకంటే వెడల్పువి, నావి కావు. నేను లేనప్పుడు ఎవరో లైటు ముట్టుకుంటున్నారు. మధ్యాహ్నం ఎలాగూ ఆపే ఉంటుంది కాబట్టి, ఆపుతున్నది పొద్దున పూటే అనుకున్నాను.

"నేను పొద్దుగాల స్నానానికి, వంటకు పోయినప్పుడల్లా బంద్ చేస్తున్నది. నేనొచ్చేటాలకు మల్ల ఏస్తున్నది. చెట్లను మాడగొట్టి సంపుతున్నది" అన్నాను సుశాంత్‌తో.

"వదినె గట్ల చెయ్యదు."

"మీ వదినె ఏం చేస్తదో నీకేం ఎరుక? నీకు మీ అన్న చెప్పిందే ఎరుక."

"జర మెల్లగ మాట్లాడు. కిందోళ్ళు ఇంటరు."

"ఇనాల్ననే మాట్లాడుతున్న!"

కింద వంటింట్లో ఏదో గిన్నె కింద పడింది. సుశాంత్ చొక్కా వేసుకుని యూనిట్‌కు పోయాడు. గొడవ అయినప్పుడల్లా ఆయనకు యూనిట్‌లో అర్జెంటు పని పడుతుంది.

నేను మళ్ళీ రైలెక్కాను.

"నాచు పట్టిందంటే వెలుగు ఎక్కువైనట్టు" అంది సబా, నా ఫోనులో ఫోటో చూసి.

"ఎక్కువెట్లయితది? మా ఇంట్ల బంద్ చేసేటోళ్ళే ఉన్నరు గని ఏసేటోళ్ళు లేరు. నాకు పెద్ద లైటు ఇయ్యి. బంద్ చేసిన టైం గూడ వసూలు గావాలె."

"అక్కా, మీరు మార్చాల్సింది లైటు కాదు, ఇంట్ల మనుషులను. పెద్దది తీస్కపోతే ఇంకా ఖరాబైతది. మల్ల వాపస్ పట్టుకొస్తే తీస్కోను, ఇప్పుడే చెప్తున్న."

"తీస్కోకు" అని పెద్ద లైటే తెచ్చాను.

దాంతో నీళ్ళే పచ్చబడ్డాయి. పొట్టు పెసరపప్పు కడిగిన కుడితిలా తయారైంది తొట్టి. గప్పీలు అటు నుంచి ఇటు పోతుంటే నీడలే కనిపించేవి. బావ ఒకరోజు యూనిట్ నుంచి వచ్చి, చెప్పులు విడుస్తూ తొట్టిని చూసి పెద్దగా నవ్వాడు. "పచ్చగ నిండాల్నంటిని గద. నిండింది!"

అరుణక్క ఆ పూట నవ్వలేదు. అప్పుడు నేను ఆ సంగతి పట్టించుకోలేదు. ఆవిడను పట్టుకోవాలన్న కసిలో ఉన్నాను. చెయ్యి స్విచ్చు మీద ఉండగానే పట్టుకోవాలి, బావను పిలవాలి, సుశాంత్‌ను పిలవాలి, ఉగాది నాటి నవ్వులన్నిటికీ ఒక్కసారే జవాబు చెప్పాలి. పొద్దున పూటంతా కాపు కాశాను. ఎవరూ రాలేదు. ఇక మిగిలింది మధ్యాహ్నం. ఎప్పటిలా లైటు ఆపాను, చప్పుడయ్యేలా మెట్లెక్కాను, తలుపు వేసిన చప్పుడు కూడా చేశాను. కాసేపాగి ఉత్తకాళ్ళతో దిగివచ్చాను.

ముందుగదిలో తెల్లటి వెలుగు.

నేను ఆపిన లైటు వెలుగుతోంది.

అరుణక్క తొట్టి ముందు పీట వేసుకుని కూర్చుని ఉంది. తలంటుకున్న జుట్టు వీపు మీద ఆరబోసుకుంది. తొట్టిలోకి చెయ్యి దింపి గాజు లోపలి నాచును పైట కొంగుతో తుడిచి, చెయ్యెడల్పు జాగా చేసుకుని, అందులోంచి చూస్తోంది. ఒక గప్పీ ఆ జాగా దగ్గరికి వచ్చి ఆగింది.

"ఊట ఆయ్తా?" అంది దానితో.

తిన్నావా అని, కన్నడంలో. తాండూరులో ఆ ఒక్క ముక్క అర్థంకాని వాళ్ళుండరు. ఆవిడది కర్ణాటకలో సేడం అవతల పల్లె. ఆ సంగతి తెలుసు గానీ, నేను ఆ ఇంటికొచ్చాక ఆవిడ నోట ఒక్క కన్నడం మాట వినలేదు. ఇంట్లో ఆ భాష ఎవరికీ రాదు. ఫోను చేసే పుట్టింటి వాళ్ళు కూడా ఎవరూ మిగల్లేదని తర్వాత సుశాంత్ చెప్పాడు. బోరు ఎవరు వేసిచ్చారని నేను అడిగింది ఈవిడనే.

ఆవిడ చాలాసేపు మాట్లాడింది. నాకేమీ అర్థం కాలేదు. తిట్టడం లేదని మాత్రం అర్థమైంది. మధ్యలో ఒకసారి నవ్వింది కూడా. నేను వచ్చిన దారినే పైకి పోయాను. ఎండ తగ్గాక చప్పుడు చేసుకుంటూ దిగితే లైటు ఆరి ఉంది, పీట గోడకు ఆనించి ఉంది.

నాకు జాలి పుట్టిందని చెప్పను. కోపం అలాగే ఉంది, దాన్ని దించుకోవడానికి చోటే లేకుండా పోయింది. పొద్దున నేను, మధ్యాహ్నం ఆవిడ, సాయంత్రం మళ్ళీ నేను. ఒకరితో ఒకరం మాట్లాడుకోం కాబట్టి ఎవరి వంతు వాళ్ళం వేసుకున్నాం. చీకటిపడేదాకా ఆ మొక్కలకు రెప్ప వాల్చే సందు దొరకలేదు. నా మొక్కలను చంపింది ఆవిడే, అందులో అనుమానం లేదు. కానీ ఎలా చంపిందో బావ ముందు చెప్పాలంటే ఆ పీట గురించి చెప్పాలి. ఆయన ఎలా నవ్వుతాడో నాకు తెలుసు.

స్విచ్చుకు టేపు చుట్టొచ్చు. వైరు పీకి పైకి తీసుకుపోవచ్చు. వికారాబాదు రైల్లో కూర్చుని ఇలాంటివన్నీ ఆలోచించాను. దిగేసరికి వాటిలో ఒక్కటీ చేయబుద్ధి కాలేదు.

"వాపస్ తీస్కోనని చెప్పిన గద" అంది సబా నన్ను చూడగానే.

"వాపస్ ఇయ్యనీకె రాలె. మసక లైటు గావాలె. పొద్దంత వెలిగినా నాచు పట్టనిది."

"పొద్దంత ఎందుకు? టైం తక్కువ చేస్తే అయిపాయె గద."

"తక్కువ చెయ్యరాదు."

"ఎందుకు చెయ్యరాదు?"

"మధ్యాహ్నం ఒకరు చూస్తరు."

సబా నా మొహం వంక చూసింది. పై అరలోంచి సన్నటి లైటొకటి దింపింది. "గిదే తెలుపు, వెలుగు సగానికి తక్కువ. జర ఎత్తుల పెట్టున్రి. గని మీ చెట్లు దీనికింద పెరగయ్. నీడల పెరిగేటివి తీస్కపోన్రి." అనుబియాస్, జావా ఫెర్న్, మాస్ అనే నీటిమొక్క కొంచెం చుట్టిన కట్టెముక్కలు ఇచ్చింది. ముదురు పచ్చ ఆకులు, దళసరిగా ఉన్నాయి. "మెల్లగ పెరుగుతయ్. ఆగమాగం చెయ్యకున్రి."

ముందు నాచు చావాలి. పచ్చనీళ్ళు కాస్త తేరేదాకా తొట్టికి దుప్పటి కప్పి ఉంచాను. ఆ రోజుల్లో మధ్యాహ్నాలు అరుణక్క ముందుగదికీ వంటింటికీ మధ్య ఊరికే తిరిగింది, గిన్నెలు ఎప్పటికంటే గట్టిగా పడేసింది. "ఓ గప్పీ, బతికున్నవా సచ్చినవా?" అని దుప్పటిని అడగడం పైనుంచి విన్నాను. దుప్పటి తీసి, నీళ్ళు మార్చి, కొత్త మొక్కలు కట్టి, మసక లైటు బిగించాను. ఈసారి నీళ్ళ బిందెలకు ఎవరూ అడ్డం రాలేదు.

మిరుగం నాడు మబ్బు పట్టింది. ఇల్లంతా చేపల పులుసు వాసన. బావ పొద్దున్నే ఇద్దరు హమాలీలను, ట్రాలీ ఆటో నిండా శాంపిల్ బండలను వెంటేసుకుని వచ్చాడు. తొట్టి చూడకముందే బండలు గుమ్మం దాకా వచ్చేశాయి. పసుపువి, నీలంవి, నున్నగా పాలిష్ పట్టినవి. ఆయన మాట ఎంత గట్టిదో నాకు అప్పుడే తెలిసింది.

"బావా, చూడున్రి" అన్నాను. "పచ్చగ ఉన్నది."

నిజంగానే ఉంది. నీళ్ళు అద్దంలా ఉన్నాయి, ముదురాకుల మధ్య గప్పీలు తిరుగుతున్నాయి. బావ వంగి చూశాడు. తప్పు దొరికేదాకా చూశాడు.

"పచ్చగ అంటవా? నల్లగున్నయ్ ఆకులు. నిండలే గూడ. అటు దిక్కున్న గాజు గిటు కనిపిస్తున్నది."

"మెల్లగ నిండుతది..."

"మిరుగం అన్న, మెల్లగ అనలే. ఏయ్, తొట్టి పట్టున్రి."

"అన్నా..." అన్నాడు సుశాంత్. ఆ మాట తర్వాత ఇంకో మాట వస్తుందని నేను ఎదురుచూశాను. రాలేదు. హమాలీలు అరుగు దగ్గరికి వచ్చారు. నాకు కళ్ళల్లో నీళ్ళొచ్చాయి, వాటి మీద కూడా కోపమొచ్చింది.

అప్పుడు వంటింట్లోంచి అరుణక్క వచ్చింది. చేతిలో పులుసు గరిటె. హమాలీలను దాటుకుని తొట్టి ముందుకు వచ్చి నిలబడింది. వాళ్ళు వెనక్కి తగ్గారు. నా వైపు చూడలేదు. ఎప్పటిలా చేపలనే అడిగింది.

"ఓ గప్పీ, మీ అమ్మను అడుగు. గింత మసక లైటెందుకు పెట్టింది? మధ్యాహ్నం కూసుంటే సక్కగ కనిపిస్తలేదు."

బావ ఆవిడ వంక చూశాడు, తొట్టి వంక చూశాడు, గోడకు ఆనించిన పీట వంక చూశాడు.

"నువ్వు కూసుంటవా గీడ?" అన్నాడు.

ఆవిడ నా జవాబు కోసం గప్పీల వంకే చూస్తూ నిలబడింది.

"మూడు పూటలు వెలిగినా నాచు పట్టనిది గిదొక్కటే దొరికిందని చెప్పు, గప్పీ" అన్నాను. "కావాల్నంటే పీట జర దగ్గరికి జరుపుకోమను."

అరుణక్క మెడ కొంచెం తిరిగింది. నేను చూశానని, చూసి కూడా ఎవరికీ చెప్పలేదని ఆవిడకు అప్పుడు తెలిసింది. ఆ మొహంలో స్నేహమేమీ లేదు. దొంగతనం బయటపడ్డ కోపం, దాని వెనకాల ఇంకేదో ఉంది. ఆవిడ బావ వైపు తిరిగి గరిటె చూపించింది.

"బండలు అవుతల పెట్టియ్యి. పులుసు సల్లారుతున్నది."

"గది..."

"గదికేమైంది? నా లైటు గీడున్నది."

నడుముకున్న గుత్తిలోంచి ఆ గది తాళంచెవి తీసి తొట్టి పక్కన బండ మీద టక్కున పెట్టి లోపలికి పోయింది. బావ హమాలీల మీద అరుచుకుంటూ ఆటో దగ్గరికి నడిచాడు.

ఆ పూట అందరం చేపలు తిన్నాం. అరుణక్క నాకు వడ్డించలేదు, నేనే పెట్టుకున్నాను. పులుసులో ఉప్పు ఎక్కువైందని గప్పీకి చెబుదామనుకుని ఊరుకున్నాను. తిన్నాక చెయ్యి కడుక్కుని, ముందుగదిలోకి వెళ్ళి తాళంచెవి తీసుకున్నాను.

తర్వాత లైటు ఆపకుండానే మెట్లెక్కాను.